నాన్నగారి రిమ్ములు

మా నాన్నగారు మాకు విడిచి వెళ్లిన ఆస్తి ఒక పాత బుల్లెట్టు. 1955లో మద్రాసులో మొదలైన బండ్ల వంశం దానిది. ఇబ్రహీంపట్నం నుండి మంచాల, యాచారం పల్లెల్లో ప్రార్థనలకు ఇన్నేళ్లూ మమ్మల్ని మోసింది.

మొన్న వానాకాలం పెద్దచెరువు దాటాక, గుంతలో పడి ముందు చక్రం సొట్టపోయింది. వెనుక కూర్చున్న మా ఇల్లాలు కిందపడింది, చేయి విరిగింది. "రిమ్ము మార్చమని ఎన్నిసార్లు చెప్పానండీ" అని మాత్రం అన్నది. నాన్నగారి గుర్తని మేమే విడువలేదు.

మెకానిక్కు టైరు విప్పితే పైన క్రోమియం మెరుపు, లోపల తుప్పు పొడి! 19 అంగుళాల అల్యూమినియం రిమ్ములు వేయించాము. ఆ లోహం ఉక్కు బరువులో మూడోవంతే; కాస్త మందంగా చేసినా రిమ్ము తేలికే. తేలికైన చక్రం గతుకులో చప్పున లేస్తుంది, బ్రేకుకు త్వరగా లోబడుతుంది. అతడు పుల్లలను ఒక్కపట్టున బిగించలేదు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ అవుటు తీశాడు.

పాత రిమ్ము మా గోడకు వేలాడుతోంది, నాన్నగారి జ్ఞాపకానికి కాదు. మేము విడువని బరువుకు మరొకరి చేయి విరిగిందని మరువకుండుటకే.