నింద మోసే బంగారు పువ్వు

సెప్టెంబర్ వచ్చిందంటే అమెరికాలోని న్యూజెర్సీలో రెండు మొదలవుతాయి. రోడ్ల పక్కన పసుపు పూలు, ఇళ్లలో తుమ్ములు! కళ్ల దురద, కారే ముక్కు, నిద్రలేని రాత్రులు... ఉబ్బసం ఉన్న పిల్లలకైతే మరీ కష్టం. కిటికీలోంచి చూస్తే ఎదురుగా నిలువెత్తు మొక్క, తలనిండా పసుపు పూలు. ఇంకేముంది, దోషి దొరికినట్టే! దాన్ని మొదలంటా కొట్టేస్తారు. అయినా తుమ్ములు ఆగవు. ఎందుకంటే అసలు దోషి అది కాదు.

ఆ మొక్క పేరు గోల్డెన్‌రాడ్. అంటే బంగారు కడ్డీ. చేమంతి, బంతి పూల కుటుంబమే. మన దగ్గర బొకేల్లో గులాబీల మధ్య నింపే సన్నటి పసుపు రెమ్మలను చూశారుగా, అవి ఈ జాతివే. వందకు పైగా ఉన్న రకాల్లో ఎక్కువ భాగానికి పుట్టిల్లు ఉత్తర అమెరికా. నెబ్రాస్కా, కెంటకీలకు ఇదే రాష్ట్ర పుష్పం. సరిగ్గా బతుకమ్మ రోజుల్లోనే విరబూస్తుంది కాబట్టి అక్కడి తెలుగువాళ్లకు దీన్ని చూస్తే తంగేడు గుర్తొస్తుంది.

వయ్యారిభామ చుట్టం

మరి తుమ్ములు తెప్పించేది ఎవరు? దాని పక్కనే నక్కి ఉండే రాగ్‌వీడ్. మన పొలంగట్ల మీద పెరిగే వయ్యారిభామకు ఇది దగ్గరి చుట్టం. ఆకులూ అలాగే క్యారెట్ ఆకుల్లా చీలి ఉంటాయి. పూలు చిన్నవి, ఆకుపచ్చగా ఉంటాయి కాబట్టి ఎవరి కంటా పడవు. రెండూ ఒకే కాలంలో పూస్తాయి. అందుకే కనిపించని దాని నేరం కనిపించే దాని మీద పడింది.

తేడా అంతా పుప్పొడిలో ఉంది. రాగ్‌వీడ్ పుప్పొడి తేలిక, గాలిలో మైళ్ల దూరం పోతుంది. ఒక్క మొక్కే వంద కోట్ల రేణువుల దాకా వదలగలదు. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువు, జిగురు. తేనెటీగ కాళ్లకు అంటుకుని వెళ్లాల్సిందే తప్ప గాలికి లేచి మన ముక్కుదాకా రావడం అరుదు. ఒక్కమాటలో చెప్పాలంటే, పసుపు పూలు కనిపిస్తే వదిలేయండి. చీలిన ఆకులు, పచ్చటి పూలకంకులు కనిపిస్తే దాన్ని పూతకు రాకముందే పీకేయండి.

ఎడిసన్ ఊళ్లో... 

ఈ పువ్వును వెతుక్కుంటూ వెళ్లాలంటే మొదలుపెట్టడానికి ఎడిసన్‌ను మించిన ఊరు లేదు. ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు, స్వీట్లు కొనుక్కునే మనవాళ్లలో చాలామందికి ఈ ఊరి పేరు వెనక ఉన్న కథ తెలుసు. థామస్ ఆల్వా ఎడిసన్ 1879లో విద్యుత్ బల్బును వెలిగించిన మెన్లో పార్క్ ఇక్కడిదే. అక్కడి స్మారక స్తంభం మీద పెద్ద గాజు బల్బు ఉంటుంది. ఆయనకూ గోల్డెన్‌రాడ్‌కూ ఉన్న బంధం మాత్రం ఎక్కువమందికి తెలియదు. విదేశీ రబ్బరు మీద ఆధారపడకూడదని 1927లో ఆయన హెన్రీ ఫోర్డ్, హార్వీ ఫైర్‌స్టోన్‌లతో కలిసి ఓ పరిశోధన సంస్థ పెట్టారు. దాదాపు 17 వేల మొక్కల నమూనాలు పరీక్షించి, చివరికి ఎంచుకున్నది ఈ గోల్డెన్‌రాడ్‌నే! ఫ్లోరిడాలో 12 అడుగుల ఎత్తు పెరిగే మొక్కను కూడా పెంచారు. 1931లో ఆయన కన్నుమూశారు. తర్వాత కృత్రిమ రబ్బరు రావడంతో ఆ కథ ముగిసింది.

ఊరి ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన కనిపించే పొడుగు రకాలను గుర్తుపట్టడానికి మూడు చోట్ల చూస్తే చాలు. మొదట ఆకు. మధ్య ఈనెకు అటూ ఇటూ మరో రెండు ఈనెలు సాగుతూ ఉంటే అది కెనడా గోల్డెన్‌రాడ్ గుంపు. తర్వాత కాండం. నూగు ఉంటే ఒక రకం, నున్నగా తెల్లటి పొడి పూసినట్టుంటే జెయింట్ గోల్డెన్‌రాడ్. ఆఖరున పూలు. కొమ్మ చివర కుచ్చులా వంగాయా, లేక ఆకుల మొదట్లో చిన్న గుత్తులుగా విచ్చాయా? చెట్ల నీడలో, నీలిరంగు తిరిగిన కాండం మీద అలా ఆకుల పక్కన పూస్తే అది బ్లూస్టెమ్ రకం. తెల్లగా పూసేది కూడా ఒకటుంది, దాని పేరు సిల్వర్‌రాడ్!

కొన్ని కాండాల మధ్యలో గోళీలాంటి బుడిపె కనిపిస్తుంది. రోగమనుకోకండి, అది ఓ చిన్న ఈగ పిల్లకు ఇల్లు. ఒంట్లో గ్లిజరాల్ నింపుకుని, చలికాలమంతా గడ్డకట్టే మంచులోనూ అది ఆ గోళీలోనే బతుకుతుంది. ఎండిన మొక్కల్ని కూడా కొట్టేయవద్దనేది అందుకే.

సోంపు వాసన

ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణానికి సాగితే నేల మారిపోతుంది. ఇసుక, పైన్ చెట్లు... అదే పైన్ బ్యారెన్స్. దారిలోనే 1905లో ఏర్పడిన బాస్ రివర్ ప్రభుత్వ అడవి ఉంది. ఇలాంటి ఇసుక నేలల్లో పెరిగే స్వీట్ గోల్డెన్‌రాడ్‌ను కళ్లతో కాదు, ముక్కుతో గుర్తుపట్టాలి. సన్నటి ఆకును వేళ్లతో నలిపితే సోంపు వాసన! ఎండకు ఎత్తి చూస్తే ఆకులో సూదిమొనలంత చుక్కలు మెరుస్తాయి. 1773లో బోస్టన్ రేవులో బ్రిటిష్ తేయాకును సముద్రంలో పారేశాక, అమెరికన్లు టీకి బదులు మరిగించుకున్న ఆకుల్లో ఇదీ ఒకటి.

సముద్రం ఒడ్డున సీతాకోకల సత్రం

దారి చివర కేప్ మే. న్యూజెర్సీ దక్షిణపు కొస. 1859 నాటి దీపస్తంభం, 199 మెట్లు, ఎదురుగా డెలావేర్ అఖాతం. ఇక్కడి ఇసుక దిబ్బల మీద పూసేది సీసైడ్ గోల్డెన్‌రాడ్. ఆకులు మందంగా, నున్నగా, అంచుల్లో గరుకు లేకుండా ఉంటాయి. ఉప్పుగాలికి తట్టుకోవాలి కదా! చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు దారుల వెంట ఇది ఊళ్లలోకీ పాకింది.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఈ పూల మీద నారింజ రంగు మోనార్క్ సీతాకోకలు వాలతాయి. వేల కిలోమీటర్ల దూరంలోని మెక్సికో కొండలకు వెళుతూ, అఖాతం దాటేముందు అనుకూలమైన గాలి కోసం ఇక్కడ ఆగుతాయి. వీటి గొంగళిపురుగులు తినేది మిల్క్‌వీడ్ ఆకులు మాత్రమే. అది మన జిల్లేడు కుటుంబం. రెక్కలొచ్చాక మాత్రం ఏ పువ్వులో తేనె ఉంటే అదే ఆహారం. ఆ సమయానికి మిగతా పూలు చాలావరకు అయిపోతాయి. గోల్డెన్‌రాడ్ తేనెతో పెంచుకున్న కొవ్వే వాటికి ప్రయాణానికీ, చలికాలానికీ దారిబత్తెం. 1990 నుంచి ఇక్కడ ఏటా వీటిని లెక్కపెడుతున్నారు, రెక్కలకు చిన్న చీటీలు అంటిస్తున్నారు. మోనార్క్‌ను ముప్పున్న జీవుల జాబితాలో చేర్చాలని 2024 డిసెంబర్‌లో అమెరికా వన్యప్రాణి విభాగం ప్రతిపాదించింది. మన పెరట్లో పొరపాటున నరికే ఒక్కో మొక్కా వాటి దారిలో మూతపడే ఒక్కో సత్రం.

వెళ్లేముందు... 

సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మంచి సమయం. ఎడిసన్ నుంచి కేప్ మేకి సుమారు 200 కిలోమీటర్లు. ఉత్తరం నుంచి చల్లగాలి వీచిన మర్నాడు సీతాకోకలు ఎక్కువగా కనిపిస్తాయి. ప్రభుత్వ పార్కుల్లో పూలు కోయకూడదు, ఇసుక దిబ్బలు ఎక్కకూడదు. బతుకమ్మకు కావాలంటే పెరట్లోనే నాటుకోండి. ఇంకో మాట. బాగుందని విత్తనాలు మాత్రం మన ఊరికి తేవద్దు. అమెరికాలో సొంతమొక్క అయిన గోల్డెన్‌రాడ్ యూరప్, చైనాల్లో నేలనంతా ఆక్రమించే కలుపు అయింది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన వయ్యారిభామతో మనం పడుతున్న పాట్లు చాలవూ!