కనుమనాడు పుష్పకం

కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. అలాంటిది, 2024 కనుమనాడు నేను గుంటూరు జిల్లాలోని మా ఊళ్ళో గారెలు తింటూ కూర్చోక, అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు ఎడారిలో నిచ్చెన మీద నిలబడి, ముప్ఫై ఒక్క అడుగుల పొడుగున్న ఒక మోటారు ఇంటికి మైనం పూస్తున్నానంటే, అందుకు కారకులు మా బావగారు.

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ప్రబంధాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. సుద్దముక్క పొడి తప్ప ఈ చేతులకు మరొకటి అంటి ఎరగదు. తీరా అక్కడికి వెళ్ళి ఆ బండి గోడ మీద వేలు పెట్టి రాస్తే, వేలికి తెల్లగా అంటుకున్నది కూడా సుద్దపొడిలాంటిదే! ఎక్కడికి వెళ్ళినా వృత్తి వదలదు కాబోలనుకున్నాను.

మోటారు ఇల్లంటే ఏమిటో చూడనివారి కోసం రెండు మాటలు. ముందు భాగం లారీ, వెనక భాగం ఇల్లు. లోపల పొయ్యి, ఫ్రిజ్, భోజనాల బల్ల, పడకలు, స్నానాల గది ఉంటాయి. డ్రైవరు నెత్తిమీద అటకలాంటి మరో పడక. నీళ్ళ ట్యాంకులు, జనరేటరు కడుపులో దాచుకుంటుంది. వెనక ఒక చిన్న కారును కట్టి ఈడ్చుకుపోవచ్చు. మా బావగారు చాండ్లర్ అనే ఊళ్ళో చిప్పుల ఫ్యాక్టరీలో పాతికేళ్ళు ఉద్యోగం చేశారు. 2016లో, అప్పటికి తొమ్మిదేళ్ళు నడిచిన ఈ బండిని కొన్నారు. కొన్నది ఆయనే గాని, కొనిపించింది మా అక్క.

దానికి పేరు పెట్టిందీ అక్కే. ఎడమ పక్క కిటికీ కింద జానెడేసి తెలుగు అక్షరాలతో ‘పుష్పకం’ అని నల్లటి స్టిక్కరు కత్తిరించి అంటించింది. ఫోనులో ఆ మాట చెప్పినప్పుడు నేను ఊరుకున్నానా? “అక్కా, అది కుబేరుడిది. రావణాసురుడు లాక్కున్నాడు. అలాంటి బండి పేరు మనకెందుకు?” అని పాఠం మొదలుపెట్టాను. అక్క నవ్వేసింది. “నీ పురాణం నాకొద్దురా. పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందట. అందుకని పెట్టాను. ఎప్పుడొస్తావో చెప్పు” అంది.

ఏటా అడిగింది. ఏటా పరీక్ష పేపర్లున్నాయనో, పిల్లవాడి పదో తరగతి అనో చెప్పాను. 2022 ఆగస్టులో అక్క పోయింది. అప్పుడు వెళ్దామంటే వీసా ఇంటర్వ్యూకు తేదీ దొరకలేదు. అంతకుముందు ఆరేళ్ళూ అడ్డం వచ్చింది మాత్రం వీసా కాదు.

సంక్రాంతి సెలవులకు మరో రెండు వారాలు అతికించుకుని నేను చాండ్లర్ చేరేసరికి, బావగారు బండి అమ్మేయాలని నిశ్చయించుకుని ఉన్నారు. “ఒక్కణ్ణీ దాన్నేం తోలనోయ్! నువ్వొచ్చావు గనక సాయం పట్టు. మెరుగు పెట్టి అమ్ముదాం” అన్నారు. రెండేళ్ళుగా అది ఊరి బయట అద్దె స్థలంలో, ఎండలో పడి ఉంది. వాళ్ళ వీధిలో అంత బండిని నిలబెట్టనివ్వరు. ఆ అద్దె స్థలంలో పని చేసుకోనివ్వరు. ఈ రెండు నిబంధనల మధ్య ఇరుక్కున్నవాడికి ఎడారే గతి.

మేము వెళ్ళిన ఊరి పేరు క్వార్ట్‌సైట్. ఫీనిక్స్ నగరం నుంచి పశ్చిమంగా పదో నంబరు రాజమార్గం మీద 200 కిలోమీటర్లు. ఇంకో ముప్ఫై కిలోమీటర్లు పోతే కొలరాడో నది, దాని అవతల కాలిఫోర్నియా. 2020 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో రెండున్నర వేలమంది కూడా లేరు. చలికాలం వచ్చిందంటే మాత్రం, మంచు పడే ఉత్తరాది రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి, పింఛను పుచ్చుకునే ముసలివాళ్ళు మోటారు ఇళ్ళు తోలుకుని ఇక్కడికి దిగుతారు. ఊరి దక్షిణాన లా పోసా అనే ప్రభుత్వ భూమి పదకొండు వేల ఎకరాలకు పైగా ఉంది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, రుసుము కట్టినవాళ్ళు అక్కడ బండి ఆపుకుని ఉండవచ్చు. గోడలు లేవు, వీధులు లేవు. గులకరాళ్ళ నేల, అక్కడక్కడ ముళ్ళ చెట్లు, నాలుగు వైపులా గీకినట్టుండే కొండలు, మధ్యన కనుచూపు మేర తెల్లటి బళ్ళు. మా ఊరి తిరునాళ్ళలో గూడుబళ్ళు విడిసినట్టే ఉంది. ఎడ్లే లేవు!

ఎడ్లు లేవుగాని ఒకప్పుడు ఒంటెలు తిరిగిన నేల ఇది. 1855లో అమెరికా ప్రభుత్వం ఎడారుల్లో సైన్యానికి సామాను మోయించడానికి ఒంటెలను తెప్పించాలని 30,000 డాలర్లు కేటాయించింది. మరుసటేడు టెక్సాస్ రేవులో ఒంటెలు దిగాయి. వాటితోపాటు తోలేవాళ్ళూ దిగారు. వారిలో హాజీ అలీ అనే ఆయన పేరు ఇక్కడివాళ్ళ నోట నలిగి ‘హై జాలీ’ అయింది. ఒంటెల ప్రయత్నం మూలపడింది. ఆయన మాత్రం ఈ దేశంలోనే ఉండిపోయి, 1902లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. 1935లో ఆయన సమాధి మీద రాళ్ళతో ఒక పిరమిడ్ కట్టి, శిఖరాన రాగి రేకుతో చేసిన ఒంటెను నిలబెట్టారు. ఊరికి ఇదే దేవాలయం, ఇదే మ్యూజియం. చేరిన సాయంత్రం బావగారు నన్ను అక్కడికి తీసుకెళ్ళి, “మీ అక్క ఇక్కడికొస్తే గంటసేపు కదిలేది కాదు” అన్నారు. ఎందుకని నేను అడగలేదు. తన పేరు తనకు దక్కకుండా పరాయి నేలలో మిగిలిపోయిన మనిషి దగ్గర మా అక్క గంటసేపు ఏం ఆలోచించిందో, అడిగినా ఆయనకు మాత్రం ఏం తెలుస్తుంది?

సంక్రాంతి తెల్లవారి పనిలోకి దిగాం. బండి ముఖం దక్షిణానికి. పొద్దున నీడ పడమటి గోడ మీద ఉంటుంది గనక మొదట అటువైపు, మధ్యాహ్నం నీడ తిరిగాక తూర్పు గోడ. ఎండ తగిలిన గోడకు పూస్తే మైనం పూసినచోటే ఎండి పట్టుకుపోతుందట. ఈ శాస్త్రమంతా చెప్పింది పక్క బండి పెద్దాయన. మిన్నెసోటా నుంచి వచ్చాడు. ఎనభై ఏళ్ళుంటాయి. నిచ్చెన నాకంటే చురుగ్గా ఎక్కుతాడు.

ఆ గోడలు రేకు కాదు, ఫైబర్‌గ్లాసు. దాని పైన గట్టి పూత ఒకటి ఉంటుంది. ఎండకు ఆ పూత పైపొర చచ్చి సుద్ద అవుతుంది. సుద్ద మీద మైనం పూస్తే, మురికి ముఖానికి పౌడరద్దినట్టే. కాబట్టి ముందు దుమ్ము కడగాలి. నీళ్ళు పొదుపు గనక, ఒక రకం ద్రావకం కలిపిన అరబకెట్టు నీళ్ళలో గుడ్డ ముంచి, మడతలు మారుస్తూ తుడిచాం. తర్వాత మెత్తటి గరుకుపిండి లాంటి కాంపౌండు పెట్టి, విసనకర్రలా తిరిగే యంత్రంతో రెండడుగుల చదరం చొప్పున రుద్దాలి. చచ్చిన పొర పోతుంది. ఆపైన ఇంకా మెత్తటి పాలిష్. అప్పుడు గాని మైనం జోలికి పోరాదు. ఒక్కొక్క పక్క రెండువందల డెబ్భై చదరపు అడుగులు. లెక్క మీరే వేసుకోండి. మధ్యాహ్నానికి నా భుజాలు నా మాట వినడం మానేశాయి.

మైనం డబ్బా మీద ‘కార్నౌబా’ అని రాసి ఉంది. ఈ మైనం తేనెపట్టుది కాదు, ఒక తాటిజాతి చెట్టుది. బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగంలో, వానలు సరిగా పడనిచోట పెరుగుతుంది. ఉన్న తేమ ఎండకు ఆవిరైపోకుండా ఆ చెట్టు తన ఆకులకు తానే మైనం పూసుకుంటుంది. మనుషులు ఆ ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి, ఆ పొడిని దులిపి కరిగిస్తారు. ఎనభై డిగ్రీలు దాటితే గాని కరగని మైనం. చాక్లెట్ల మీద మెరుపు, మందుబిళ్ళల మీద నునుపు కూడా చాలావాటికి ఇదే. తాటాకు గొడుగు కింద పెరిగినవాణ్ణి గదా, డబ్బా మూత తీసి వాసన చూశాను. తాటిముంజె వాసన రాలేదు.

రెండోరోజు, అంటే కనుమనాడు పొద్దున, ఒక అపరాధం చేశాను. చేతిలోని గుడ్డ జారి గులకల మీద పడింది. దులుపుకుని, అదే గుడ్డతో రుద్దాను. పెద్దాయన కేకేస్తూ పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే గోడ మీద అరచేతి మేర సన్నటి గీతలు చుట్టలు చుట్టుకున్నాయి. కింద పడ్డ గుడ్డ మళ్ళీ గోడను ముట్టరాదట. మాకు ప్రసాదం విషయంలో కూడా ఇంత పట్టింపు లేదు సుమండీ! ఆ గీతలు పోగొట్టడానికి గంట పట్టింది. బావగారు పల్లెత్తు మాట అనలేదు. “మీ నాన్న ఎద్దుల కొమ్ములు గీకేటప్పుడు కూడా నువ్వు గాజుపెంకు పారేసుకునేవాడివట. మీ అక్క చెప్పింది” అన్నారు.

నిజమే. మా ఇంట కనుమ అంటే కాలవలో ఎడ్లను తోమడం, కొమ్ములు గాజుపెంకుతో గీకి నునుపు చేసి నూనె రాయడం, రంగులు వేయడం. నేను తోక దగ్గర నిలబడి బెదిరేవాణ్ణి. కొమ్ముల పని అక్కది. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. ఎద్దు ముఖాన్ని చంకలో ఇరికించుకుని నూనె రాసేది.

మధ్యాహ్నం నీడ తిరిగింది. తూర్పు గోడ చివర మూడడుగులు మిగిలింది. స్టిక్కరును బావగారు ఇంటి దగ్గరే వేడి గాలి కొట్టి ఊడదీశారు. అయినా పేరు పోలేదు. అక్షరాల కింద ఎండ తగలని పూత కొత్తగా ఉండిపోయి, చుట్టూ ఉన్నది వెలిసిపోవడంతో, ‘పుష్పకం’ అని మెరుస్తూ కనబడుతోంది. నల్లగా ఉన్నప్పటి కంటే స్పష్టంగా!

“అది నువ్వు చెయ్యి” అని బావగారు యంత్రం నా చేతికిచ్చి లోపలికి పోబోయారు.

“పూర్తిగా పోవాలా బావగారూ?”

“కొనేవాళ్ళకు మచ్చలా కనబడుతుందోయ్. రాముడంతటివాడే అయోధ్య చేరాక పుష్పకాన్ని కుబేరుడి దగ్గరికి పంపించేశాడు గదా. నువ్వే చెప్పాలి ఇవన్నీ.”

తలుపు వేసుకున్నారు. నేను ‘పు’ దగ్గర మొదలుపెట్టాను. విద్యార్థుల తప్పులు కొట్టేయడం నాకు అలవాటే. ఒప్పుగా రాసిన మాటను చెరపడం అదే మొదలు. మూడుసార్లు తిప్పేసరికి గోడంతా ఒక్క రంగయింది. మైనం పూశాను. తుడిచాను. గోడలో నా ముఖం కనబడింది.

మర్నాడు ముక్కనుమ. ఆ వారాంతంలో ఊళ్ళో ఏటా జరిగే మోటారు ఇళ్ళ ప్రదర్శన మొదలవుతుంది గనక, కొనుగోలుదార్లు అప్పుడే తిరుగుతున్నారు. అద్దానికి ‘అమ్మకానికి’ అట్ట పెట్టాం. పది దాటాక ఎండ దక్షిణానికి జరుగుతూ తూర్పు గోడ వెంట ఏటవాలుగా పాకింది. నేను కాఫీ గ్లాసుతో నిలబడి చూద్దును గదా, నీళ్ళలో మునిగిన నాణెంలా అక్షరాలు పైకి తేలుతున్నాయి! ఒక కోణంలో నిలబడితేనే కనిపిస్తాయి. అడుగు పక్కకేస్తే లేవు.

పెద్దాయన వచ్చి చూసి పెదవి విరిచాడు. సుద్ద తీసేయగలంగాని ఎండ కాచిన ఏళ్ళను తీసేయలేమన్నాడు. పూర్తిగా పోవాలంటే తడిపి ఉప్పుకాగితం పట్టాలన్నాడు. తన పెట్టెలోంచి సన్నటి ఉప్పుకాగితం ఒక ముక్క తెచ్చి ఇచ్చాడు కూడా. బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, థాంక్స్ చెప్పి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

పదకొండు గంటలకు వచ్చిన దంపతులకు అరవై ఏళ్ళుంటాయి. ఆయన ఇంజను చూశాడు, టైర్లు చూశాడు, పైకెక్కి కప్పు చూశాడు. ఆవిడ చుట్టూ నడిచి, సరిగ్గా ఆ కోణంలో ఆగిపోయింది. “ఇక్కడేదో గీతలున్నాయే!” అంది.

నేను బావగారి ముఖం చూశాను. “గీతలు కావు, పేరు” అన్నారాయన. “మా ఆవిడ రాసింది.”

ఆవిడ ఏ భాష అని అడిగింది, అర్థం అడిగింది. కుబేరుణ్ణి, రావణుణ్ణి పక్కనబెట్టి, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే విమానమని చెప్పాను. పలకడానికి నాలుగుసార్లు ప్రయత్నించింది. ‘ష్ప’ దగ్గర తడబడింది. మా ఫస్టియర్ పిల్లలు కూడా అక్కడే తడబడతారు. ఆమె భర్త మాత్రం ఆ మచ్చ చూపించి రెండువేల డాలర్లు తగ్గించమన్నాడు. బావగారు ఒప్పుకున్నారు. ఊళ్ళో నోటరీ ముందు సంతకాలయ్యాయి. తాళాలిచ్చేశాం.

చిన్నకారులో తిరుగు ప్రయాణం. నలభై మైళ్ళదాకా బావగారు నోరు విప్పలేదు. తర్వాత, “మైనం డబ్బా వాళ్ళకిచ్చావా?” అని అడిగారు.

అది నా కోటు జేబులోనే ఉంది.

“ఈ ఎండకు మళ్ళీ మళ్ళీ పూస్తుండాలని చెప్పాను. డబ్బా లేకుండా ఏం పూస్తారోయ్!” అని విసుక్కుంటూ, ముందు వచ్చిన పెట్రోలు బంకులోకి కారు తిప్పి ఆపి, వాళ్ళకు ఫోను చేసి, డబ్బా మీది పేరు అక్షరం అక్షరం చదివి వినిపించారు.