పేరు మారినా పోని ఊరు... జిర్జెంటి!

పొడవాటి తెల్లని బొచ్చు. నెత్తిమీద నిటారుగా లేచి, పేనిన తాడులా మెలితిరిగిన కొమ్ములు. ఇటలీలోని సిసిలీ ద్వీపంలో పెంచే ఈ మేకను ‘జిర్జెంటానా’ అంటారు. అంటే జిర్జెంటి మేక అని. మేక బాగుంది కదా, ఊరు కూడా చూద్దామని సిసిలీ మ్యాపు పరిస్తే మాత్రం ఆ పేరుగల నగరం కనిపించదు. 1927లోనే దాని పేరు మార్చేశారు. ఇప్పుడది అగ్రిజెంటో!

నోళ్లలో నాని...

దాదాపు 2,600 ఏళ్ల కిందట, క్రీ.పూ. 580 ప్రాంతంలో గ్రీకులు ఇక్కడ నగరం కట్టారు. పక్కన పారే నది పేరే దానికీ పెట్టి అక్రగాస్ అన్నారు. తర్వాత వచ్చిన రోమన్లు అగ్రిజెంటమ్ చేశారు. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బులు వచ్చారు. వాళ్ల నోట అది కెర్కెంత్ అయింది. 1087లో నార్మన్లు ఊరిని గెలుచుకున్నాక ఆ అరబ్బు పలుకే సాగీ సాగీ జిర్జెంటిగా స్థిరపడింది. ఎవరో కూర్చుని పెట్టిన పేరు కాదది. వచ్చినవాళ్లంతా తలా కాస్త మార్చగా మిగిలిన పేరు.

ఎనిమిది వందల ఏళ్లకు పైగా లోకానికి తెలిసింది ఆ పేరే. 1787లో జర్మన్ మహాకవి గోథే వచ్చి చూసింది జిర్జెంటినే. నోబెల్ బహుమతి పొందిన నాటకకర్త పిరాండెల్లో 1867లో పుట్టిందీ జిర్జెంటి శివార్లలోనే.

ఒక్క ఉత్తర్వుతో...

ఇటలీని పాలిస్తున్న ముసోలినీకి ప్రాచీన రోమ్ వైభవమంటే మహా మోజు. అరబ్బుల వాసన వేసే పేరు ఆయనకు రుచించలేదు. 1927లో ఉత్తర్వు వచ్చింది. లాటిన్ పేరును ఇటాలియన్‌లోకి దించి అగ్రిజెంటో అన్నారు. ఇదే సిసిలీలో కస్త్రోజొవాన్ని అనే కొండ ఊరు కూడా ఆ కాలంలోనే ఎన్నాగా మారింది. దాని కథ మరీ తమాషా. అరబ్బులు ‘యన్నా కోట’ అనే అర్థంలో కస్ర్ యన్నా అంటే, తర్వాతివాళ్లు దాన్ని ‘జొవాన్ని కోట’గా వినేశారు!

పేరు పోతే పోయిందేముందిలే అనుకోవడానికి లేదు. బతుకుతెరువు కోసం ఈ జిల్లా నుంచి ఎంతోమంది అమెరికా వెళ్లారు. తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చే వాళ్ల వారసుల చేతుల్లోని పాత కాగితాల మీద ఉండేది జిర్జెంటి. రైలు దిగితే బోర్డు మీద కనిపించేది అగ్రిజెంటో. రెండూ ఒకటేనని ఎవరో ఒకరు చెప్పాలి.

కింద గుళ్లు... మీద ఇళ్లు

పలెర్మో నుంచి రైల్లో సుమారు రెండు గంటల ప్రయాణం. యాత్రికులు ముందుగా పరుగెత్తేది దిగువనున్న ‘గుళ్ల లోయ’కి. 1997 నుంచి ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. పేరుకు లోయ గానీ నిజానికి ఇదొక గట్టు! అక్కడి కాంకోర్డియా ఆలయం 34 స్తంభాలతో దాదాపు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆరో శతాబ్దం చివర్లో దాన్ని చర్చిగా మార్చడం వల్లే అది బతికింది. దాని పేరూ అసలుది కాదు. దగ్గర్లో దొరికిన ఓ లాటిన్ శాసనంలోని మాటను తగిలించారంతే.

రోమన్ల తర్వాత జనం క్రమంగా కొండమీదికి చేరుకున్నారు. జిర్జెంటి అంటే అసలు ఆ కొండమీది ఊరే. మెట్లు మెట్లుగా ఎక్కే ఇరుకు సందులు, శిఖరాన నార్మన్ల కాలపు ప్రధాన చర్చి. ఓ పాత పేటను ఇప్పటికీ రబాతో అంటారు. అరబ్బీలో ఆ మాటకు శివారు పేట అని అర్థం. సంతకంతో ఊరు పేరు మార్చగలిగారు గానీ సందుల్లోంచి అరబ్బుల గుర్తులు చెరపలేకపోయారు. సిసిలీ భాషలో ఊరిని జిర్జెంటి అనడమూ ఆగలేదు.

ఆ పేరును మళ్లీ నిలబెట్టాలని సూచించినవాడు పొరుగునే ఉన్న పోర్టో ఎంపెడోక్లేలో పుట్టిన రచయిత ఆండ్రియా కామిల్లేరి. 2016లో కొండమీది పాత పట్టణానికి అధికారికంగా జిర్జెంటి అని పేరు పెట్టారు. నగరం మొత్తానిది మాత్రం అగ్రిజెంటోయే.

దాదాపు తొంభై ఏళ్లకు ఊరికి సగం పేరు తిరిగొచ్చింది. మేకకు ఆ బెంగే లేదు. దాని పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు మరి!