నాట్రన్ ఒడ్డున

టాంజానియా వెళ్లేవాళ్లు చాలామంది సెరెంగెటీలో సింహాలను చూసుకుని తిరిగొచ్చేస్తారు. నన్ను లాగింది నాట్రన్ సరస్సు. కెన్యా సరిహద్దు పక్కన, రిఫ్ట్ లోయ అడుగున ఉంటుంది. పొడవు 50 కిలోమీటర్లు దాటుతుంది కానీ లోతు 3 మీటర్లుండదు. నీళ్లు లోపలికి వస్తాయి, బయటికి పోయే దారి లేదు. చుట్టుపక్కల అగ్నిపర్వత శిలల్లోంచి కరిగి వచ్చిన సోడియం లవణాలు ఎండకు పేరుకుని పొరలు కడతాయి.

ఈ ప్రయాణానికి నెల ఎంచుకోవడమే సగం పని. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలుండవు. మిగతా రోజుల్లో ఎండిన వాగులకు ఉన్నట్టుండి వరద వస్తే దారి తెగిపోతుంది. అరూషా నుంచి మ్టో వా మ్బు వరకు తారురోడ్డు. అక్కణ్ణించి ఎంగరెసెరో ఊరిదాకా దుమ్ము, రాళ్లు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అదనపు టైర్లు, క్యాన్లలో నీళ్లు, దారిలో గేట్ల దగ్గర కట్టే రుసుములకు చేతిలో నగదు ఉండాలి. గైడుగా ఆ ఊరి మసాయి తెగవాణ్ణే పెట్టుకోవాలి. ఏ పొర మనిషిని మోస్తుందో, ఏది విరుగుతుందో అతనికే తెలుసు.

సరస్సుకు దక్షిణాన ఓల్ డోయిన్యో లెంగాయ్ నిలబడి ఉంటుంది. మసాయిలకు అది దేవుడి కొండ. కార్బొనటైట్ లావా కక్కుతున్న అగ్నిపర్వతం లోకంలో ఇదొక్కటే. మామూలు లావా 1,000 డిగ్రీలు దాటితే, ఇది 500–600 డిగ్రీల దగ్గరే నీళ్లలా పారుతుంది. నల్లగా వచ్చి, గాలిలో తేమ తగిలాక తెల్లబడిపోతుంది. ఎక్కడం అర్ధరాత్రి మొదలుపెట్టాలి. పగలు నీడన్నది లేదు, బూడిదలో రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారతాం. తెల్లవారేసరికి అంచు మీద గంధకం వాసన, కిందెక్కడో ఎర్రటి మరకలతో సరస్సు. అంత అలసటలోనూ గుండె నిండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకు నడిచాం. ఆ ఎరుపు, ఉప్పులో బతికే సూక్ష్మజీవులది. ఈ నీళ్లు తగిలితే జంతువులు రాళ్లయిపోతాయని విని వెళ్లాను. అది నిజం కాదు. చచ్చిన పక్షుల మీద సోడా పేరుకుంటుంది, వాటినే ఫొటోగ్రాఫర్ నిక్ బ్రాంట్ ఏరి, నిలబెట్టి ఫొటోలు తీశాడు. అలాగని ప్రమాదం లేదనుకోకూడదు. 1954లో లెస్లీ బ్రౌన్ అనే పక్షి శాస్త్రవేత్త ఫ్లెమింగోల గూళ్ల దగ్గరికి నడిచి వెళ్లబోయి, ఆ సోడా బురదలో కాళ్లు కాలి ఆసుపత్రి పాలయ్యాడు.

మనిషిని కాల్చే ఆ బురదే పక్షులకు కోట. ప్రపంచంలోని చిన్న రకం ఫ్లెమింగోల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇక్కడే పుడతాయని అంచనా. సరస్సు నడుమ బురదతో కుదుళ్లు కట్టి గుడ్లు పెడతాయి, నక్కలు అంత దూరం రాలేవు. మన పులికాట్‌లో ఎక్కువగా కనిపించేవి పెద్ద రకం, తెల్లగా ఉంటాయి. ఇవి పొట్టివి, ముక్కు ముదురు ఎరుపు, తినే నాచు వల్ల ఒళ్లంతా గులాబీ రంగు. అలజడి చేస్తే గుంపు గుంపంతా గూళ్లు వదిలి లేచిపోతుంది. దగ్గరి నుంచి ఫొటో తీయాలనుకునేవాళ్లు దయచేసి ఇక్కడికి రావద్దు. మంచి బైనాక్యులర్స్ చాలు.

ఒకప్పుడు ఇక్కడ సోడా యాష్ కర్మాగారం పెట్టాలని టాంజానియా ప్రభుత్వంతో కలిసి మన టాటా కెమికల్స్ ప్రయత్నించింది. పర్యావరణవేత్తలు గట్టిగా అడ్డుపడ్డారు. 2008లో కంపెనీ తప్పుకుంది. వచ్చే పదేళ్లలో మళ్లీ ఎవరైనా అడిగితే ఏమంటావని మా గైడును అడిగాను. "ఫ్యాక్టరీకి మంచినీళ్లు కావాలి. ముందు దానికిస్తారు, తర్వాతే మా మేకలకు" అన్నాడు. సరస్సు అంచున ఊరే నీటి ఊటలను చూపించాడు. ఫ్లెమింగోలు నీళ్లు తాగేదీ, రెక్కల మీది ఉప్పు కడుక్కునేదీ ఆ ఊటల్లోనే.