ఫ్యాన్ హోరులో పోయిన చరణం

తమిళ మీడియంలో చదివినవాళ్లం, రాతలో తప్పులుంటే దిద్దండి.

మన సంఘం గదిలో పెద్దవాళ్ల పాటలు రికార్డు చేస్తున్నాం కదా. మొన్న ఎనభై దాటిన ఒక అవ్వ జోలపాట పాడింది. తిరిగి వింటే కంప్యూటర్ ఫ్యాన్ హోరే ముందుంది! మన సంఘంలో ఆ పాట ఇంకెవరికీ రాదు.

ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న ఫ్యాన్ వేడెక్కేకొద్దీ గిరగిరా తిరుగుతుంది, అందుకే ఆ రొద. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా అంతే గాలి తోలుతుంది. స్కేలు పెట్టి కొలిచాం, క్యాబినెట్‌లో 160 మి.మీ. చోటుంది. 155 మి.మీ. ఎత్తు, 120 మి.మీ. ఫ్యాన్, నాలుగు హీట్ పైపులు ఉన్న డీప్‌కూల్ ఏకే400 తెచ్చాం. పాత పేస్టు బాగా తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి బిగించాం. బయాస్‌లో ఫ్యాన్ వేగం కూడా తగ్గించాం.

ఆదివారం అవ్వను మళ్లీ పిలిచాం. ఈసారి ఆమె ఊపిరి కూడా వినబడింది. కానీ రెండో చరణం గుర్తు రాలేదు. అది ఆ పాత రికార్డులోనే, హోరు కింద ఉంది.

రైల్వేలో ఏళ్లతరబడి రొదలోనే పనిచేశాం. నిశ్శబ్దం విలువ ఇప్పుడు తెలిసింది. గది సిద్ధంగా ఉంది, మీ ఇంటి పెద్దవాళ్లను త్వరగా తీసుకురండి.