పూర్ణఘటము ఎవరిది?

'నేను' అను అహంకారమునకు 'నాది' అను మమకారము కవలబిడ్డ. అహంకారమును గుర్తించిన సాధకుడు కూడ పలుమార్లు మమకారమును గుర్తింపలేడు. ఏలయన అది న్యాయమువలె, ధర్మాగ్రహమువలె, ఒక్కొక్కప్పుడు స్వదేశాభిమానమువలె వేషము ధరించి వచ్చును. పల్నాటి సీమలో మాచవరమున నివసించు ఒక వృద్ధపండితులకు ఈ విషయము ఒక పుస్తకపు ముఖచిత్రము వలన బోధపడినది.

ఆయన విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు. చిరకాలపు అధ్యయనమును ఎనుబది పుటలలో కుదించి పూర్ణఘటమును గూర్చి ఒక చిన్నగ్రంథము వ్రాసిరి. ఆలయద్వారమున ఎదురువచ్చు పూర్ణకుంభము, వ్రతపీఠముపై కలశము, అద్వైతులు దృష్టాంతముగా చెప్పు ఘటాకాశము, అమరావతి స్తూపముపై బౌద్ధులు చెక్కించిన పద్మభరితమైన ఘటము, ఈ నాలుగింటిని ఒకే సూత్రమున గ్రుచ్చుట ఆ గ్రంథప్రయోజనము. నేటి ఆంధ్రప్రదేశ్ రాజచిహ్నపు మధ్యమున ఉన్నదియు ఆ అమరావతి పూర్ణఘటమే. కావున ముఖపత్రముపై ఆ శిల్పమే ఉండవలెనని ఆయన సంకల్పించిరి.

నరసరావుపేటలో డిగ్రీ చదువుచున్న మనుమరాలు సెలవులకు వచ్చినది. సాయంకాలము అరుగుపై కూర్చుండి చరవాణిలో బ్రిటిష్ మ్యూజియము వారి అంతర్జాలసంచయమును తెరచి చూపినది. 2020 ఏప్రిల్‌లో ఆ సంస్థ తన సంచయపు పుటలను నూతనముగా తీర్చి, దాదాపు 19 లక్షల చిత్రములను లోకమునకు అందుబాటులో ఉంచినది. లండను నగరమునకు పోకయే, ప్రవేశరుసుము లేకయే, మాచవరపు అరుగుపై ఆ శిల్పము ప్రత్యక్షమైనది. వ్రేలితో పెద్దది చేయగా పద్మపు రేకులపై ఉలిజాడ సైతము కనబడినది. వృద్ధుల కన్నులు చెమ్మగిల్లినవి.

పిదప ఆమె చిత్రము క్రింది నిబంధన చదివి వినిపించినది. చిత్రమును ఉచితముగా గ్రహింపవచ్చును, మూలమును పేర్కొనవలెను, మార్పులు చేసినచో అవే నిబంధనలతో పంచవలెను, వాణిజ్యమునకు వినియోగింపరాదు. వాణిజ్యమునకైనచో వేరుగా అనుమతి పొందవలెను. గ్రంథమునకు నిర్ణయించిన వెల అరువది రూపాయలు. అది అచ్చుఖర్చునకు మాత్రమే సరిపోవును. అయినను వెల వెలయే గదా!

చెమ్మగిల్లిన కన్నులు ఎఱ్ఱబారినవి. "రాయి మనది. చెక్కిన చేయి మనది. రాతిని కొనిపోయినారు, సరే. ఇప్పుడు దాని నీడకు కూడ మనమే అనుమతి అడగవలెనా?" అనిరి.

ఆ ఆగ్రహము నిర్హేతుకము కాదు. అమరావతి శిల్పములు పల్నాటి సున్నపురాతితో చెక్కబడినవి. మాచవరమునకు సమీపమున ఉన్న పిడుగురాళ్ళలో నేటికిని సున్నపుబట్టీలు మండుచుండును. ఆ బట్టీలలో కాలునది, ఆ స్తూపమున నిలిచినది ఒకే జాతి రాయి. 18వ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిలో నూతన నిర్మాణములు సాగించుచుండగా దీపాలదిన్నె త్రవ్వకములో ఆ శిల్పములు బయల్పడినవి. కోలిన్ మెకంజీ వచ్చి చూచి, 1816లో తిరిగివచ్చి వాటి రేఖాచిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి అనేక ఫలకములను మద్రాసునకు చేర్చెను. 1859లో వాటిలో పెక్కింటిని ఓడలో లండనునకు పంపిరి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియము వశమైనవి. మిగిలినవి నేడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియమునందు, అమరావతి మ్యూజియమునందు, ఇతరస్థలములందు కలవు.

అయితే ఈ చరిత్రలో మనకు ఇష్టము కాని భాగము కూడ ఉన్నది. దిన్నెలో బయల్పడిన ఫలకములలో కొన్నింటిని స్థానికులే సున్నముకొరకు కాల్చివేసిరి. కొన్ని కట్టడములలో రాళ్ళుగా కలిసిపోయినవి. మెకంజీ వ్రాయించిన కొన్ని శిల్పములు నేడు ఎచ్చటను లేవు. వాటి రేఖాచిత్రములు మాత్రము మిగిలినవి. రాయి నశించెను, రూపము కాగితముపై నిలిచెను. ప్రతికృతిని 'వట్టి నీడ' అని తీసివేయుట ఎంత తొందరపాటో దీనివలన తెలియును.

తాతగారి ముఖము చూచి మనుమరాలు మెల్లగా అన్నది: "ఇంత ఆలోచన ఎందుకు తాతయ్యా? బొమ్మ దించుకుని వేసేద్దాం. మాచవరంలో అచ్చయ్యే మూడువందల పుస్తకాలు లండన్‌లో ఎవరు చూస్తారు?"

ఆయన వెంటనే బదులు చెప్పలేదు. పతంజలి మహర్షి చెప్పిన ఐదు యమములలో అస్తేయము ఒకటి. దొంగతనము చేయకుండుట అని దాని సామాన్యార్థము. చూచువాడు ఉన్నాడా లేడా అను ప్రశ్నకు అందులో చోటు లేదు. సాక్షి లేనిచోట స్తేయము అస్తేయముగా మారినచో, అంతస్సాక్షిని గూర్చి ఎనుబది పుటలు వ్రాసిన శ్రమ వ్యర్థమే. "పూర్ణత్వమును బోధించు పుస్తకమునకు దొంగిలించిన ఘటము ముఖచిత్రమా అమ్మా?" అని మాత్రము అని లోనికి వెళ్ళిరి.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తర్కశాస్త్రము చదివినవారు గనుక, కోపమును ప్రక్కనుంచి విషయమును విభజించి చూచిరి. ఇచట ఉన్నది ఒక స్వత్వము కాదు, మూడు. మొదటిది రాతిపై స్వత్వము: అది ఎచట ఉండవలెననునది చరిత్రకును రాజ్యములకును సంబంధించిన వ్యాజ్యము, ముఖచిత్రముతో తీరునది కాదు. రెండవది రూపముపై స్వత్వము: ఆ శిల్పి గతించి వేయేండ్లకు పైబడినది, ఆ రూపముపై ఎవరికిని గుత్తాధికారము లేదు. మూడవది ఛాయాచిత్రముపై స్వత్వము: నిబంధన దీనికి సంబంధించినది. చదునైన చిత్రపటమును యథాతథముగా తీసిన ఛాయాచిత్రమునకు నూతనస్వామ్యము కలుగదని 1999లో న్యూయార్కులోని ఒక న్యాయస్థానము నిర్ణయించినది. శిల్పము అట్టిది కాదు. ఏ కోణమున నిలువవలెను, వెలుగు ఏ ప్రక్కనుండి పడవలెను అనునది ఛాయాగ్రాహకుని ఎంపిక. తనను కంటతడి పెట్టించిన ఆ ఉలిజాడ కనబడుటకు ఎవరో ఒకరు దీపమును సరియైనచోట నిలిపియుండిరి. ఆ శ్రమకును ఒక గౌరవము కలదు. భారతీయ చట్టము సైతము ఛాయాచిత్రములకు ఛాయాగ్రాహకుని జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును రక్షణ కల్పించుచున్నది.

ఇచట ధర్మశాస్త్రములు చేసిన ఒక సూక్ష్మభేదము సాధకులు గమనింపదగినది. దానము వేరు, ఉత్సర్గము వేరు. దానమున దాత తన స్వత్వమును విడిచి, ఒక నిర్దిష్ట ప్రతిగ్రహీతకు స్వత్వము కలిగించును. ఉత్సర్గమున ప్రతిగ్రహీత ఒకడు లేడు. చెరువు త్రవ్వించినవాడు దానిని సర్వభూతములకొరకు విడుచును. పిదప ఆ నీటిని అందరితోపాటు తానును త్రాగవచ్చును గాని, యజమానిగా కాదు. హోమమున ఆహుతి విడుచునపుడు యజమాని పలుకు 'న మమ' అను మాటకు లోకవ్యవహారమున కనబడు రూపము తటాకోత్సర్గము.

నేటి సంచయములలోను ఈ రెండు మార్గములు కనబడుచున్నవి. 2017 ఫిబ్రవరిలో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియము 3,75,000కు పైగా చిత్రములను ఏ నిబంధనయు లేకుండ విడిచినది. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ 28 లక్షల చిత్రములను అట్లే విడిచినది. వాటిని అచ్చువేయవచ్చును, అమ్మవచ్చును, ఎవరిని అడుగనక్కరలేదు. అది ఉత్సర్గము. లాభమునకు వాడరాదని చెప్పి ఇచ్చునది నిబంధనతో కూడిన దానము. రెండవది మొదటిదానికంటె తక్కువ కావచ్చును గాని, దానికి పేరు దోపిడి కాదు. చెరువు కానంతమాత్రమున బావి గోడ దూకుట ధర్మము కాజాలదు.

మఱునాడు ఆయన నెమ్మదించి మఱియొక మార్గము వెదకించిరి. జేమ్స్ బర్జెస్ అమరావతి, జగ్గయ్యపేట స్తూపములను గూర్చి 1887లో ఒక బృహద్గ్రంథము ప్రచురించెను. ఆయన 1916లో గతించుటచే ఆ గ్రంథముపై స్వామ్యపు గడువు ఎంతోకాలము క్రిందటనే ముగిసినది. గ్రంథాలయప్రతి అంతర్జాలమున ఉచితముగా లభించినది. అందులోని ఒక ఫలకమున పూర్ణఘటము దొరకినది. ఉలిజాడలు కనబడవు, నలుపుతెలుపుల రూపము మాత్రమే. "ఇది చాలును" అనిరి. కథ ఇచటితో ముగిసినచో అది న్యాయబుద్ధి కల ఒక సజ్జనుని కథ మాత్రమే అగును.

వారము గడచిన పిమ్మట ముద్రణాలయమునుండి ప్రూఫులు వచ్చినవి. మనుమరాలు చదువుచు రెండవపుట వద్ద ఆగినది. అచ్చట ఆచారము ననుసరించి 'సర్వస్వామ్యములు గ్రంథకర్తవి' అని ఉన్నది. దాని క్రింద, అనుమతి లేనిదే ఏ భాగమును పునర్ముద్రింపరాదని ఒక పంక్తి.

"తాతయ్యా, లండన్ వాళ్ళు కనీసం ఊరికే చదువుకునేవాళ్ళకి ఇచ్చారు. మనం అదీ ఇవ్వలేదే?" అన్నది. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజముగానే అడిగినది.

పండితులవారు కళ్ళజోడు తీసి చాలసేపు మౌనముగా ఉండిరి. ఆ పంక్తిని వ్రాసినది ఆయనే. పరులు పట్టిన 'నాది' కంటిలో నలుసై కనబడినది. తాను పట్టినది కనబడలేదు. విడువవలెనన్న ఆలోచన రాగానే భయములు బయలుదేరినవి. ఎవరైన తన పేరు తీసివేసి అచ్చువేసుకొన్నచో? ఎవరైన అమ్ముకొన్నచో? జీవితకాలపు కృషి! తన ఆగ్రహమునకు వేరు ఎక్కడ ఉన్నదో అప్పుడు తేటపడినది. రాతికొరకు కలిగిన బాధ సత్యమే. కాని దానిలో 'మన'తో పాటు 'నా' కూడ కలిసియున్నది.

ఆయన గ్రంథమునందే ఉటంకించిన ఒక శాసనము జ్ఞప్తికి వచ్చినది. అమరావతిలో పూర్ణఘటఫలకమును సమర్పించినవారిలో విధికుడను ఒక చర్మకారుడు కలడు. కుటుంబసమేతముగా తాను ఇచ్చినది 'దేయధర్మము' అని బ్రాహ్మీలిపిలో చెక్కించెను. పేరు నిలుపుకొనెను, వస్తువును విడిచెను. పేరునకును స్వత్వమునకును భేదము ఆ చర్మకారునకు తెలిసినది. దానిపై పుటలు వ్రాసిన పండితునకు ఆ దినము వరకు తెలియలేదు.

భారత గ్రంథస్వామ్య చట్టము (1957) 21వ విభాగము ప్రకారము గ్రంథకర్త తన స్వామ్యమును తానే త్యజింపవచ్చును. 2012 సవరణానంతరము బహిరంగప్రకటన ద్వారా కూడ ఆ త్యాగము చేయవచ్చును. ఇది మన చట్టమున ఉన్న ఉత్సర్గము. దీనిని మనుమరాలే వెదకి చెప్పినది.

రాయి ఎచట ఉండవలెనను ప్రశ్న ఆయనకు తీరలేదు, తీరవలసిన అవసరమును లేదు. అది అడుగవలసినవారు అడుగుచుందురు. ఘటము ఎవరి చేతిలో ఉన్నను లోని ఆకాశము ఎవరిదియు కాదని తాను బోధించుచు వచ్చిన మాటను, తన చేతిలోని ఘటముతో పరీక్షించుకొనవలసిన దినము వచ్చినది. అంతే.

సాయంకాలము ఎఱ్ఱసిరా కలముతో రెండవపుటలోని రెండు పంక్తులను కొట్టివేసిరి. వాటి స్థానమున చిత్రము బర్జెస్ గ్రంథమునుండి గ్రహింపబడినదని ఒక వాక్యము వ్రాసిరి. దాని క్రింద, ఈ గ్రంథమును ఎవరైనను అచ్చువేయవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చునని మఱియొక వాక్యము. చివర 'దేయధర్మము' అని వ్రాసి, క్రింద తన పేరు ఉంచిరి.