లోపించిన గుర్తు

తెలుగు బోధించే నాకు బీజగణితంలోని ఒక చిన్న నియమం సంధి పాఠాన్ని స్ఫురింపజేస్తుంది. 'రాముడతడు' అన్నచోట 'రాముడు' లోని ఉకారం లోపించింది. పదాలను విడదీసే విద్యార్థి దానిని తిరిగి నిలుపగలడు. వర్గం చేసినపుడు సంఖ్య ముందున్న ఋణచిహ్నమూ అట్లే లోపిస్తుంది. కాని 25ను చూచి, అది 5 వర్గమో -5 వర్గమో చెప్పడం అసాధ్యం.

√ చిహ్నం ఋణం కాని మూలాన్నే సూచిస్తుంది. 'య' విలువ -5 అయినపుడు √య² విలువ 5 అవుతుంది గాని 'య' కాదు. కనుక √య² = |య| అని వ్రాయాలి. ఆ నిలువు గీతలు తెలిపేది పరమమూల్యం, అనగా సున్న నుండి ఆ సంఖ్యకు గల దూరం.

9వ శతాబ్దిలో బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథంలో ఒక సమస్యను మాటలలో చెప్పి సాధించాడు. మన గుర్తులలో అది య² + 21 = 10య. ఆయన 3, 7 అని రెండు సమాధానాలూ ఇచ్చాడు. దానినే (య - 5)² = 4గా మార్చి మూలం తీస్తే |య - 5| = 2 వస్తుంది. గీతలు విడిచిన వానికి 7 మాత్రమే దక్కుతుంది, 3 చేజారుతుంది.

విద్యార్థులారా! 'య' ధనమో ఋణమో తెలియనంతవరకు, తెలిసినట్లు వ్రాయకండి.